మూడో రకం ఎరుపు

సెగెద్ మిరపపొడి మరలో
ముప్పై ఒక్క ఏళ్లుగా ఎరుపుకి ధర కట్టే మనిషి
బొడ్నార్ పిరోష్కా.
తెల్ల కాగితం మీద చిటికెడు పోసి
బొటనవేలితో ఒక్క రాపు రాసి
ఇది మేలు రకం, ఇది రెండోది,
ఇది పోయినేటి సరుకు, నాకు అంటగట్టకండి, అనేది.
ఆమె మాట మీద లారీలు కదిలేవి
లేదా వచ్చిన దారినే తిరిగేవి.

నవంబరులో ఒక పొద్దున
ఎడమ కంట్లో నలుసు పడితే నలుపుకుంటూ
కుడికంటితో బస్తాలోకి చూసింది.
ఇటుకపొడి.
చెయ్యి తీసి చూస్తే, మిరప.

ముందు సరుకుని తిట్టింది, తర్వాత ట్యూబులైటుని.
ఎవరికీ చెప్పలేదు.
పదకొండు వారాలు తల కాస్త పక్కకి తిప్పి
ఒంటికంటి లెక్కతో నెట్టుకొచ్చింది.

పక్క ఆసుపత్రి వాళ్లు నరం వాచిందన్నారు.
మూడు రోజులు సెలైన్లో స్టెరాయిడ్లు ఎక్కించారు.
మొహం ఉబ్బింది, నిద్ర పోయింది,
ఎరుపు మాత్రం తిరిగి రాలేదు.

నేను ముందు తీసింది పెద్ద పరికరమేం కాదు,
కంటిచుక్కల సీసా ఎర్ర మూత.
ఎడమకంటికి చూపించాను.
"రెండో రకం," అంది, అడగకముందే.
కుడికి?
చాలాసేపు ఊరుకుంది.
"ఉతికి ఉతికి వెలిసిపోయిన తువ్వాలు."

టార్చి ఇటు నుంచి అటు ఊపాను.
ఎడమ పాప ముడుచుకుంది.
కుడిది, వెలుగు మీద పడుతుండగానే, విప్పారింది,
పేరు పెట్టి పిలిచినా
తనని కాదనుకున్న మనిషిలా.

రాత్రి ఎనిమిదికి స్కాను గదిలో
చాబా తెర మీద వేలుంచి ఆగిపోయాడు.
నరం చుట్టూ తెల్లటి వలయం,
వెనక్కి పోనుపోను లావెక్కిన తిత్తి.
గడ్డయితే రంగుమందు తాగి వెలిగేది.
ఇది తాగలేదు.
నీళ్లు. మెదడు చుట్టూ తిరిగే ఆ నీళ్లే
లోపలికొచ్చి, పోయే దారి తెలియక
అక్కడే కాపురం పెట్టాయి.

నా ఇరవై రెండేళ్లలో ఇది రెండోది.
మొదటిదాన్ని నేను పోల్చుకోలేదు.
వేణువులు బాగుచేసే కుర్రాడు.
ఆ కన్ను పోయింది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇందులో ఒక్క కత్తీ లేదు.
ఒకటి చూపు, ఒకటి నీరు.
నీరే గెలుస్తోంది, నెమ్మదిగా, ఏ నొప్పీ పెట్టకుండా.

ముక్కు పక్కన పొర విప్పి
కండరానికి దారం కట్టి, కోసి, తప్పించి
కనుగుడ్డుని బయటివైపు తిప్పి పట్టుకుంటే
అడుగున వెన్నముద్దల్లాంటి కొవ్వు,
దాని వెనక అది.
రెండు నిమిషాలకోసారి ఎనికో "వదలండి" అంటుంది.
వదులుతాం. కన్ను ఊపిరి పీల్చుకుంటుంది.
మళ్లీ పడతాం.

ఒరకి కిటికీ కొయ్యాలి.
బియ్యపుగింజంత. నరానికి గీత పడకుండా.
చెయ్యి వణకలేదు, నా మోకాలు వణికింది,
బల్ల కింద కాబట్టి ఎవరూ చూళ్లేదు.
బ్లేడు తగలగానే చప్పుడేం లేదు,
దీపం కింద ఒక తళుకు,
తర్వాత ఊరుతూ ఊరుతూ
వంగిన చూపంతా తేటగా నిండింది.
ఎనికో దూదితో అద్దింది.
ఇంతేనా, అనిపించింది. ఇంత నీటికా.

ఆరు వారాలకి
బోర్డు మీద నాలుగు వరుసలు చదివింది.
అయిదోది ఊహించింది, తప్పు చెప్పింది.
సీసా మూత తీశాను.
ఎడమకన్ను అరచేత్తో మూసుకుని
మూతని వెలుగుకి తిప్పి, దగ్గరికి తెచ్చి, దూరం పెట్టి
మరలో పేచీ పెట్టేటప్పటి మొహంతో
"మూడో రకం," అంది.
"అయినా మిరపే."

కిటికీ మళ్లీ పూడిపోవచ్చని చెప్పాను.
జూన్‌లో ఇంకో స్కాను అన్నాను.
"జూన్‌లో అంతా పాత సరుకు.
ఎరుపు పరీక్షకి పనికిరాదు.
సెప్టెంబరులో పిలు," అంది, కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

జూన్ అనే రాశాను.